గేటు దాటిన పుంజు

వంటిల్లు, గురువారం

వదినకు,

పన్నెండు పక్షులూ పోయిన శుక్రవారం క్షేమంగా చేరాయి. అన్నయ్య వ్యానులోంచి బుట్టలు దించుతూ, "లెక్క చూసుకోవే తల్లీ, ఒకటి తగ్గితే మీ వదిన నన్ను వండుతుంది" అన్నాడు. ఆయన్ని వండితే ఎన్ని గంటలు సెగ మీద పెట్టినా ఉడకడని చెప్పి పంపాను.

నాన్న పెట్టిన పద్ధతి ప్రకారం ఖాళీ బుట్టలతో నా చీటీ పంపుతున్నాను. పదకొండు కోసాను. చర్మం పసుపు రంగులో, కింద కొవ్వు సన్నటి పొరగా, చెప్పుకోవాల్సినట్టే ఉంది. రెండింటికి మాత్రం రొమ్ము ఎముక వంకర తిరిగింది. ఆ రెండూ కాలికి పదిహేడో నంబరు రింగున్న పెట్ట పిల్లలే. దాని గుడ్లు ఇక పొదిగించకు. మా హోటల్లో తిన్నవాళ్ళు మాత్రం ఎముకల దాకా వదల్లేదు. ఇరవై వారాలు పెరిగిన కోడికీ, ఆరు వారాల్లో ఊదేసిన కోడికీ తేడా తెలిసినవాళ్ళు ఈ వీధిలో ఇంకా నలుగురున్నారు.

ఇక పన్నెండోది. కత్తి పక్కన పెట్టుకుని ఒళ్ళోకి తీసుకున్నాను. రొమ్ము కింద చెయ్యి పెట్టి చూశాను. వదినా, నా అరచెయ్యి చాల్లేదు. కాళ్ళ మధ్య వెడల్పు చూశాను, వీపు చూశాను. నాన్న బతికుండగా మనింట్లో తిరిగిన పెద్ద పుంజు ఉండేవాడే, వాడే మళ్ళీ వచ్చి నా ఒళ్ళో కూర్చున్నట్టు ఉంది. వీణ్ణి కోతకు పంపావా నువ్వు? నీ కళ్ళజోడు ఎక్కడ పెట్టి మర్చిపోయావు?

సగం గుడ్లు పిల్లలవ్వడం లేదనీ, ఉన్న పుంజులు ముసలివైపోయాయనీ పోయిన నెల నువ్వే రాశావు. ఇలాగే ఇంకో రెండేళ్ళు పోతే నాన్న జాతి ఉండదనీ రాశావు. అందుకే వీణ్ణి కొయ్యలేదు, తిరిగి పంపుతున్నాను. బయటికి పోయిన పక్షిని లోపలికి తేకూడదని నాన్న గేటు మీద రాయించిన బోర్డు నాకూ గుర్తుంది. కానీ ఇలాంటివాడు మన చేతుల్లోంచి జారిపోతాడని ఆయన అనుకుని ఉండడు. వచ్చినప్పటి నుంచీ మా పెరట్లోనే బుట్ట కింద ఉన్నాడు. వేరే పక్షి ముఖం చూడలేదు.

నాన్న నీకు కన్ను ఇచ్చాడు, నాకు కత్తి ఇచ్చాడు. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని జాతి నేర్పి, కూతుర్ని కోతబల్ల దగ్గర నిలబెట్టాడు. ఈ ఒక్కసారికి కత్తే గెలిచిందని ఒప్పుకో. ఇంకేమీ అడగను.

నీ ఆడపడుచు


షెడ్డు పక్క గది, శనివారం

మా ఇంటి కందిరీగకు,

ఒప్పుకున్నాను. కావాలంటే నీ హోటల్ గోడ మీద రాయించుకో.

ఎనిమిది వారాలప్పుడు వాణ్ణి చూసి కోతకని పక్కన పెట్టాను. అప్పుడు వాడు కాళ్ళు తప్ప ఒళ్ళు లేని మనిషిలా ఉన్నాడు. పదహారో వారం మళ్ళీ చెయ్యి పెట్టి చూడాల్సింది. ఆ వారం వాన, షెడ్డు కప్పు కారుతోంది, పక్కన పెట్టినవాటిని మళ్ళీ ముట్టుకోలేదు. నిదానంగా ఎదిగేవాళ్ళే ఆఖరికి నిలబడతారని మామయ్య నాకు వందసార్లు చెప్పి ఉంటారు. నూట ఒకటోసారి చెప్పడానికి ఆయన లేరు.

వ్యాను వెనక తలుపు తీసి వాణ్ణి చూడగానే నా తప్పు తెలిసింది. మామయ్య నన్ను నమ్మి అప్పగించిన పని ఇదొక్కటే. అందులోనే తప్పాను.  

నువ్వు కంగారుపడకు, పద్ధతి తప్పలేదు. వాణ్ణి దూరపు షెడ్డులో పెట్టాను. ముప్ఫై రోజులు అక్కడే ఉంటాడు. వాడి గిన్నె వేరు, వాడి నీళ్ళు వేరు, నేను ఆ షెడ్డుకు వెళ్ళే చెప్పులు కూడా వేరు.

వాడి నడక చూస్తే నీకు నవ్వొస్తుంది. పెళ్ళికొడుకులా ఆచితూచి అడుగేస్తాడు. పొగరు లేదు. గింజ దొరికితే తను తినడు, ముక్కుతో ఎత్తి మళ్ళీ కింద పెట్టి పెట్టల్ని పిలుస్తాడు. అవి వచ్చి తినేదాకా పక్కన నిలబడతాడు. మీ అన్నను పిలిచి చూపించాను, నేర్చుకోమని.

పదిహేడో నంబరు పెట్ట సంగతి రాసుకున్నాను.

వదిన


వంటిల్లు, బుధవారం

వదినకు,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. వ్యాను వచ్చేదాకా ఆగలేను. ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య జేబులో ఉంటుంది, ఆయన ఎవరు మాట్లాడినా వీధంతా వినేలా పెడతాడు. ఇది వీధి వినాల్సింది కాదు.

పక్షుల సంత మూసేశారు. సోమవారం మూడు కొట్లలో కోళ్ళు పడిపోయాయట. మంగళవారానికి బాతులు కూడా. నేను కూరగాయలకు వెళ్ళినప్పుడు ఆ వీధి మొదట్లో అడ్డంగా తాడు కట్టి ఉంది. తెల్ల బట్టలు, ముఖానికి ముసుగులు వేసుకున్నవాళ్ళు పంజరాలు సంచుల్లో వేసి మోసుకెళ్తున్నారు. ఎప్పుడూ చెవులు చిల్లులుపడే అరుపులుండే చోట ఒక్క కూత లేదు. అక్కడ నిలబడలేక వచ్చేశాను.

మనకు దానితో సంబంధం లేదు. మన పక్షులు సంతకు వెళ్ళవు కదా. ఊరికే రాస్తున్నాను.

ఒక్క మాట మాత్రం అడుగుతాను, కోప్పడకు. నీ ఉత్తరం రెండోసారి చదివాను. వాడు గింజ పెట్టి పెట్టల్ని పిలుస్తాడని రాశావు. అవి వచ్చి తింటాయని రాశావు. దూరపు షెడ్డులో పెట్టలెక్కడివి వదినా?

వాడు ఎలా ఉన్నాడు? తింటున్నాడా? తలమీది జుట్టు ఎర్రగానే ఉందా? వెంటనే రాయి.

నీ ఆడపడుచు


షెడ్డు పక్క గది, శుక్రవారం

కందిరీగకు,

నీకు పోలీసు ఉద్యోగం రావాల్సింది, వంటిల్లు నిన్ను పాడుచేసింది. దూరపు షెడ్డుకు జాలీ ఉంది కదా, పెట్టలు బయట తిరుగుతూ జాలీ దగ్గరికి వస్తాయి. వాడు లోపలి నుంచి పిలుస్తాడు. అంతే.

వాడు బాగున్నాడు. జుట్టు ఎర్రగానే ఉంది. రెండు పూటలా తింటున్నాడు.

ఎండ మాత్రం విపరీతంగా ఉంది. ఒక పెట్ట నిన్నటి నుంచి మూల కూర్చుని కళ్ళు మూసుకుంటోంది. రెక్కలు దించేసింది. ఎండకే అనుకుంటాను. ఇవాళ గుడ్లు తక్కువ వచ్చాయి, వాటిలో ఐదు తోలుగుడ్లు. చేత్తో పట్టుకుంటే మెత్తగా వంగిపోయాయి. దాణాలో సున్నపురాయి పొడి తగ్గించాడేమో అని మీ అన్నను అడిగాను. తగ్గించలేదన్నాడు.

వాడి గురించి ఇన్నిసార్లు ఎందుకు అడుగుతున్నావు? నీ పెరట్లోనే ఉన్నాడన్నావుగా. పెరట్లో ఉన్నవాడికి సంత సంగతి ఎందుకు?

ఈ ప్రశ్నకు నువ్వు జవాబు రాసేదాకా నాకు తిండి దిగదు.

వదిన


వంటిల్లు, ఆదివారం

వదినా,

అబద్ధం రాశాను. పెరట్లో ఉంచలేదు.

ముందు ఇది చెయ్యి: వాడు దూరపు షెడ్డులోనే ఉంటే అటు వెళ్ళిన చెప్పులతో ఇటు రాకు. చేతులు కడుక్కో, బట్టలు మార్చుకో. అన్నయ్యను అసలు లోపలికి రానివ్వకు. మూతికి గుడ్డ కట్టుకో. ఇది చేశాక మిగతాది చదువు.

వాడు వచ్చిన శుక్రవారమే వాణ్ణి సంతకు తీసుకెళ్ళాను. తూకాలాయనకు చూపించడానికి. నీకు తెలుసు, ఆయన నాన్న స్నేహితుడు, ముప్ఫై ఏళ్ళుగా అక్కడ పక్షుల్ని తూస్తున్నాడు. నాన్న పోయినప్పుడు పరామర్శకు వచ్చి, అందరి ముందూ, "విద్యంతా కోడలి చేతుల్లో పెట్టి వెళ్ళాడు, ఇంకేం దిగులు" అన్నాడు. నేను అక్కడే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. రెండేళ్ళయింది. ఆ మాట ఇంకా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

పుంజును ఆయన బల్ల మీద పెట్టి, "కోడలు కోతకు పంపింది, కూతురు పట్టుకుంది" అన్నాను. ఆయన చెయ్యి పెట్టి చూశాడు. పదిమందిని పిలిచి చూపించాడు. ఓ వారం ఇక్కడ ఉంచమ్మా, ఇలాంటిది జనం చూసి ఎన్నేళ్ళయిందో అన్నాడు. నేను ఉబ్బిపోయి సరేనన్నాను. వాణ్ణి పంజరంలో పెట్టారు. పక్కన బాతులు. గురువారం పొద్దున తెచ్చుకుని, నీకు ఆ ఉత్తరం రాసి, వ్యాను ఎక్కించాను.

ఇప్పుడు తూకాలాయన ఇంటికి తాళం. ఆయన్ని ఆసుపత్రిలో పెట్టారని ఒకరు, పరీక్షలకు తీసుకెళ్ళారని ఒకరు అంటున్నారు. నేను పొద్దున లేవగానే గొంతు పట్టుకుని చూసుకుంటున్నాను, నొప్పి ఉందా లేదా అని. మా వంటావిడ తుమ్మితే గిన్నె నా చేతిలోంచి జారిపోయింది.

నన్ను ఎన్నైనా అను. కానీ వాడు దూరపు షెడ్డులోనే ఉన్నాడని ఒక్కసారి రాయి. ఆ ఒక్క మాట రాయి వదినా.

నీ ఆడపడుచు


షెడ్డు పక్క గది, మంగళవారం

కందిరీగకు,

రాయలేను.

వాడు మొదటి రోజు నుంచీ పెట్టల మధ్యే ఉన్నాడు. దూరపు షెడ్డులో పెట్టనే లేదు. ముప్ఫై రోజులంటే ముప్ఫై రోజుల గుడ్లు పోతాయి, పొదిగే కాలం దాటిపోతుంది అనుకున్నాను. నా తప్పు త్వరగా దిద్దుకోవాలని ఆత్రం.

కళ్ళు మూసుకున్న పెట్ట శుక్రవారం సాయంత్రం పోయింది. శనివారం రెండు. ఆదివారం ఐదు. నిన్న లెక్కపెట్టడానికి వెళ్ళి మధ్యలో ఆపేశాను. ముఖాలు వాచిపోయాయి, జుట్లు నీలం తిరిగాయి. ముందురోజు నా కొంగు లాగి గింజలడిగినవి పొద్దున్నే ఎండుపుల్లల్లా పడి ఉంటున్నాయి. పుంజు మొన్న పోయాడు. నిలబడే ఉన్నాడు, నిలబడే ముందుకు ఒరిగాడు.

విడిగా ఉన్న రెండో షెడ్డులో ఇంకా ఇరవై రెండు పెట్టలున్నాయి, ఒక ముసలి పుంజు ఉన్నాడు. అవి తింటున్నాయి. పొదిగే యంత్రంలో గుడ్లున్నాయి. ఇప్పుడు మామయ్య జాతి అంటే అంతే. ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

పశువుల డాక్టరుకు చెబితే ఏమవుతుందో నీకు తెలుసు. జబ్బున్నవీ లేనివీ చూడరు. ఈ గేటు లోపల రెక్క ఉన్నది ఏదీ మిగలదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళవి కూడా తీసుకెళ్తారు. పక్కింటి టైలరమ్మకు ఆరు కోళ్ళున్నాయి, ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుచుకుంటుంది. ఆవిడ నిన్న గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, మీ కోళ్ళు కూయడం లేదే" అంది. తలనొప్పిగా ఉంది, తర్వాత మాట్లాడతానని లోపలికి వచ్చేశాను.

మీ అన్న గోతులు తవ్వుతూనే ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దంటాడు. 

నేనొకటి ఆలోచించాను. బాగున్న పెట్టల్లో పన్నెండింటిని, ముసలి పుంజును నీ దగ్గరికి పంపేస్తాను. నీ హోటల్ మీద గది ఖాళీగా ఉందిగా, పాత బల్లలు పడేసిన గది. కిటికీలు మూసేసి ఉంచు. ఎవరికీ తెలియదు. అవి వెళ్ళిపోయాక డాక్టరుకు చెబుతాను. శుక్రవారం మధ్యాహ్నం మీ అన్న తెస్తాడు. సరేనంటే ఉత్తరం రాయి. వద్దంటే రాయకు, నేను అర్థం చేసుకుంటాను.

నువ్వు పంపినదాన్నే నేను తీసుకున్నాను. ఇప్పుడు నేను పంపేదాన్ని నువ్వు తీసుకోవాలి.

వదిన


వంటిల్లు, గురువారం

వదినా,

సరే.

గది ఖాళీ చేశాను. బల్లలన్నీ ఒక గోడకు పేర్చి, నేల మీద పాత పేపర్లు పరిచాను. కిటికీ అద్దాలకు అట్టలు అంటించాను. రెండు తొట్లలో నీళ్ళు పెట్టాను. ఉల్లిపాయలు నిల్వ చేస్తున్నామని వంటావిడకు చెప్పాను. "ఉల్లిపాయలకు నీళ్ళెందుకమ్మా?" అంది. నోటికొచ్చింది ఏదో చెప్పాను. నమ్మలేదు. ఆవిడ కూతురికి నెలలు నిండుతున్నాయి, రోజూ మధ్యాహ్నం అమ్మతో కలిసి తినడానికి వస్తుంది. ఆ గదికి కిందే కూర్చుని తింటుంది.

 ఒక పురుగు రెక్క కొట్టుకున్నా మెట్ల వైపు చూస్తున్నాను. వీధిలో ఆ ముసుగులవాళ్ళ తెల్ల బండి కనిపిస్తే వంటింట్లోకి పరుగెత్తుతున్నాను. తూకాలాయన బతికే ఉన్నాడట, కానీ ఊపిరికి గొట్టం పెట్టారట. ఇది నిజం, ఆయన కొడుకే చెప్పాడు.

అయినా సరే అంటున్నాను. కాదనడానికి నాకు నోరు లేదు. నా గొప్ప చూపించుకోవాలని నేను నీ ఇంట్లోకి ఏం పంపానో నాకు తెలుసు. ఈ చీటీ మన దాణా కొట్టు లారీ అబ్బాయితో పంపుతున్నాను, సాయంత్రానికి చేరుతుంది.

శుక్రవారం వెనక తలుపు తీసి ఉంచుతాను. పంపెయ్యి. ఆలోచిస్తూ కూర్చుంటే ఇద్దరం ఆగిపోతాం.

నీ ఆడపడుచు


షెడ్డు పక్క గది, బుధవారం

కందిరీగకు,

వెనక తలుపు తీసి ఎంతసేపు ఎదురుచూశావో. వ్యాను రాలేదని నువ్వు పడ్డ భయం నాకు తెలుసు. ఐదు రోజులు ఉత్తరం రాయలేని పరిస్థితి. ఇవాళ పోస్టతను గేటు బయట పెట్టిన డబ్బాలోంచి తీసుకెళ్తాడట.

శుక్రవారం పన్నెండు పెట్టల్నీ బుట్టల్లో పెట్టాం. వ్యాను వెనక సర్దాం. మీ అన్న ఎక్కి కూర్చుని బండి తిప్పాడు. ముసలి పుంజు ఒక్కడే నా చంకలో ఉన్నాడు, వాడికి బుట్ట చాల్లేదు. ఇంకో బుట్ట కోసం నీ చీటీ జేబులో పెట్టుకుని లోపలికి నడిచాను. ఆ వంటావిడ కూతురి సంగతి నువ్వెందుకు రాశావు? రాయకుండా ఉండాల్సింది. గదికి కిందే కూర్చుని తింటుందని రాశావు. బుట్ట దొరికింది, మూత తీశాను, వాణ్ణి అందులో పెట్టలేకపోయాను. మీ అన్న రెండుసార్లు హారన్ కొట్టాడు. బయటికి వచ్చి, బండి ఆపెయ్యండి అన్నాను. ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేనే ఫోను తీసుకుని డాక్టరుకు చెప్పాను.

శనివారం పొద్దున వచ్చారు. ఎనిమిదిమంది. డాక్టరు కుర్రవాడే, మాట మెత్తన. "అమ్మా, మీరు ఇంట్లోకి వెళ్ళండి, మీరు చూడక్కర్లేదు" అన్నాడు. నేను వెళ్ళలేదు. నా చేత్తో ఎంచుకున్నవి, నేను లేకుండా ఎలా పంపను? ఒక్కోదాని కాలి రింగు నంబరు నేను చదివాను, అతను రాసుకున్నాడు. పదిహేడో నంబరు పెట్ట చివరిదాకా బాగానే ఉంది. రెక్క విదిల్చి వాళ్ళలో ఒకతని ముసుగు ఊడదీసింది. ఎవరూ నవ్వలేదు.

తర్వాత యంత్రం గది. గుడ్లకు అది ఇరవయ్యో రోజు. ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకున్నాను, లోపల టిక్కుటిక్కుమంటోంది. నూట నలభై గుడ్లు. ఇవి ఆ పుంజు రాకముందు పెట్టినవి, వీటికేం తెలియదు, వీటినైనా వదలండి అని అడిగాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. గుడ్ల పైపెంకు మీద కూడా ఉండొచ్చమ్మా, ఈ గదిలోకి మీరు రోజూ వచ్చారు కదా అన్నాడు. అప్పుడు మాత్రం బయటికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం టైలరమ్మ కోళ్ళు. ఆవిడ వాళ్ళకు ఇవ్వలేదు, తనే ఒక్కోదాన్ని ఎత్తుకొచ్చి ఇచ్చింది. నన్ను చూసి, "ఎలా వచ్చిందమ్మా ఇది?" అని అడిగింది. చెరువు పిట్టల వల్ల అయి ఉంటుందన్నాను. పాపం అవి ఎక్కడెక్కడో తిరుగుతాయి కదా అంది. నన్నే ఓదార్చింది.

ఇప్పుడు ఇక్కడ ఏమీ లేదు. సున్నం చల్లిన నేల, తెరిచిన తలుపులు. పొద్దున్నే నాలుగున్నరకు మెలకువ వస్తుంది, ఏ చప్పుడూ ఉండదు. మాకిద్దరికీ మాత్రలిచ్చారు, రోజుకు రెండుసార్లు జ్వరం చూసుకోమన్నారు. ఇప్పటిదాకా లేదు. ప్రతిసారీ మీ అన్న నోట్లో థర్మామీటరు పెట్టి ఆ రెండు నిమిషాలు గడియారం వైపు చూడలేను.

ఇక అసలు సంగతి. ఇరవై రోజులుగా నీకు రాయకుండా ఉన్నది.

ఆ గురువారం వ్యాను తలుపు తీసి పుంజును ఎత్తుకున్నప్పుడు వాడి కాలికి నీలం దారం ఉంది. సంతలో ఒక్కో కొట్టువాళ్ళు ఒక్కో రంగు దారం కడతారు, నాకు తెలుసు. ఏ పక్షి ఎవరిదో కలిసిపోకుండా పంజరంలో పెట్టేముందు కడతారు. నీ ఉత్తరం అప్పటికే చదివాను. వేరే పక్షి ముఖం చూడలేదని రాశావు. నా చేతిలో దారం ఉంది.

కత్తెర తెచ్చి కత్తిరించాను. మీ అన్న చూడకముందే పొయ్యిలో వేశాను. వేసి, వాణ్ణి తీసుకెళ్ళి పెట్టల మధ్య వదిలాను.

అడిగితే నువ్వు నిజం చెప్పేదానివి. నిజం చెబితే వాణ్ణి లోపలికి రానివ్వలేను. నాకు వాడు కావాలి. మామయ్య చూస్తే మెచ్చుకునేలాంటి పుంజు నా చేతి కింద ఉండాలి, నేను తప్పలేదన్నట్టు ఉండాలి. అంతే ఆలోచించాను. అందుకే నీకు అన్ని ప్రశ్నలు రాశాను, నేనేమీ ఎరగనట్టు. తిండి దిగదని కూడా రాశాను. నువ్వు ఏడుస్తూ ఒప్పుకున్న ఉత్తరం చదివి కూడా నోరు విప్పలేదు. పైగా ఆ గదిలో దాచమని అడిగాను, నీ తప్పుకు బదులన్నట్టు.

డాక్టరు కాగితంలో ఒక గడి ఉంది, జబ్బు ఎలా వచ్చి ఉంటుంది అని. దాంట్లో చెరువు పిట్టలు అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. శనివారం వచ్చి నా సంతకం తీసుకుంటాడు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే ముఖం లేదు.

వదిన


వంటిల్లు, గురువారం

వదినా,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. గుమ్మంలోనే నిలబడి చదివాను.

నిజం చెబుతాను, ఇద్దరం ఇక అబద్ధాలు ఆపాలి కనుక. నీలం దారం దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. నేనొక్కదాన్నే కాదు అనిపించింది. అరవై నాలుగు పక్షులు, నూట నలభై గుడ్లు, నాన్న నలభై ఏళ్ళు, తూకాలాయన ఊపిరి, వీటన్నిటి మీద నిలబడి హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత నన్ను చూసుకుని నాకే భయమేసింది. జబ్బుకు కూడా అంత భయపడలేదు.

దారం నేను చూడలేదు. చూసి ఉంటే నేనూ కత్తిరించేదాన్నేమో.

శుక్రవారం వ్యాను కోసం మూడు గంటలు వెనక తలుపు దగ్గర కూర్చున్నాను. రావాలనీ అనుకున్నాను, రాకూడదనీ అనుకున్నాను. వంటావిడ కూతురు ముందు గదిలో తింటోంది. నువ్వు బండి ఆపకపోతే నేను ఆపేదాన్ని కాదు. ఇది నువ్వు తెలుసుకోవాలి.

సోమవారం ఆరోగ్య శాఖ ఆఫీసుకు వెళ్ళాను. పుంజు సంతలో ఎన్ని రోజులుంది, ఏ పంజరంలో, ఎప్పుడు బయటికి వచ్చింది, ఏ వ్యానులో ఎక్కింది, అంతా చెప్పాను. అవతల బల్ల దగ్గరున్నావిడ రాసుకుంటూ, ముందే చెప్పి ఉంటే బాగుండేది అంది. మెల్లగానే అంది. హోటల్ మూయించారు. వంటావిడకు గది సంగతి కూడా చెప్పాను. ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇంకా రాలేదు.

ఆరోగ్య శాఖ కాగితంలో నా పేరుంది. నీ పేరు చెప్పలేదు. అప్పటికి నాకు నీ దారం సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసినా నేను చెప్పను. డాక్టరు కాగితం వేరే శాఖది, చెరువు పిట్టల మీద నువ్వు సంతకం పెడితే ఎవరూ నిన్ను అడగరు. కానీ పెట్టకు వదినా. శనివారం అతను రాకముందే టైలరమ్మకు చెప్పు. ఆవిడ కోళ్ళ పేర్లు ఆవిడకు ఇంకా నోట్లో ఉండి ఉంటాయి. నాన్న జాతి పోయిందని అందరూ మనల్ని ఓదారుస్తారు, ఓదార్చించుకుంటూ కూర్చుంటే ఇంకేమీ మిగలదు.

జ్వరం చూసుకోవడం మానకు. అన్నయ్యది ఎంతుందో రోజూ రాయి, నీది కూడా.

నన్ను అక్కడికి రానిచ్చిన మొదటి రోజున వస్తాను. ఆలోగా టైలరమ్మతో ఒక్కదానివే మాట్లాడాలంటే మళ్ళీ తలనొప్పని లోపలికి వచ్చేస్తావు, నాకు తెలుసు. ఈ ఉత్తరం ఆవిడకు ఇచ్చెయ్యి. మొదటి నుంచీ అన్ని ఉత్తరాలూ కలిపి ఇవ్వు, నావీ నీవీ; నువ్వు నాకు రాసినవి ఈ కవర్లోనే పెట్టాను. ఆవిడ చదువుతున్నంతసేపూ అక్కడే నిలబడు.

నీ ఆడపడుచు